పేరు పెట్టని గాలివానలు

కృష్ణా డెల్టాలో తుఫాను అనగానే మనసు కార్తీకానికి పోతుంది. 1864 నవంబరు 1న బందరు మీదికి వచ్చిన ఉప్పెన దాదాపు 30,000 మందిని తీసుకుపోయింది. 1977 నవంబరు 19న దివిసీమ ఊళ్ళ మీదికి సముద్రం లేచి వచ్చింది. ప్రభుత్వ లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. ఈ రెండు దెబ్బలు ఎంత లోతుగా దిగాయంటే, వరి కోతల కాలంలో ఆకాశం మసకబారితే చాలు, సొర్లగొంది నుంచి గూడూరు దాకా అందరి ప్రాణాలూ బిగపట్టుకుంటాయి. అదే వైశాఖంలోనో జ్యేష్ఠంలోనో సాయంత్రం పూట పడమట నల్లమబ్బు లేస్తే, హమ్మయ్య, కాస్త చల్లబడుతుంది అనుకుంటాం. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా చనిపోయారు. అంత కాగిన నేలకు వాన వరమే. కాని ఆ వానకు ముందు వచ్చే గాలితో, ఆ వానతో వచ్చే పిడుగుతో కాపురం చేయడం మనం ఎంతవరకు నేర్చుకున్నాం? పెద్ద తుఫానుకు చాలా నేర్చుకున్నాం. గంటసేపు ఉండి పోయే వేసవి గాలివానకు నేర్చుకున్నది చాలా తక్కువ. పైగా మొదటిదానికి నేర్చిన పాఠాలు రెండోదానికి అక్కరకు రావు. ఈ వ్యాసంలో నేను చెప్పదలిచింది ఇదే.

గూడూరంటే నెల్లూరు దారిలోని రైల్వే జంక్షను కాదు. విజయవాడ నుంచి బందరు వెళ్ళే రహదారి మీద పామర్రు దాటాక వచ్చే మండల కేంద్రం. చుట్టూ చిట్టిగూడూరు, ముక్కొల్లు, తరకటూరు, ఆకులమన్నాడు, మల్లవోలు, కప్పలదొడ్డి. సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తున పరుచుకున్న మాగాణి. పంట కాలవలు, మురుగు కాలవలు, గట్లు తప్ప కంటికి అడ్డేమీ ఉండదు. చేలో మనిషి నిలబడితే చుట్టుపక్కల అతనికంటే ఎత్తైనది తాటిచెట్టో, కరెంటు స్తంభమో. కోతలు అయిపోయిన మే నెలలో ఆ మాత్రం పైరు కూడా ఉండదు. ఇక్కడ గాలి ఎంత వేగంతో కొట్టినా, పిడుగు ఎక్కడ పడినా అందులో ఈ నేల బోసితనానికీ వాటా ఉంది.

మార్చి నెలాఖరు నుంచి మృగశిర కార్తె దాకా ఈ ఆకాశంలో రెండు గాలులు కలబడతాయి. తెలంగాణ, రాయలసీమ పీఠభూముల మీద కాగిన పొడిగాలి పడమటి నుంచి వస్తుంది. బంగాళాఖాతం మీది తేమగాలి తూర్పు నుంచి తీరం దాటి లోపలికి వస్తుంది. పొద్దున్నుంచి కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. దానికి తేమ అందితే ఆవిరి మబ్బుగా మారుతూ వేడిని వదులుతుంది, ఆ వేడి మబ్బును మరింత పైకి తోస్తుంది. వాతావరణ శాఖ క్యుములోనింబస్ అని పిలిచే ఆ మబ్బు గంటా గంటన్నరలోనే పది పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పెరగగలదు. పైన మంచు ముక్కలు, వడగళ్ళు ఒకదానినొకటి రాసుకుని విద్యుదావేశం పోగవుతుంది. అది తెగిపడితే మెరుపు, నేలకు దిగితే పిడుగు. కాసేపటికి మబ్బు మోయలేనంత నీటి బరువుతో చల్లగాలి నిలువునా కిందికి జారి, నేలను తాకి నలువైపులా చిమ్ముతుంది. చినుకు పడక ముందే దుమ్ము లేపుతూ ముఖానికి కొట్టే ఈదురుగాలి ఇదే. ఇంటి రేకులు లేపేదీ, అరటితోట విరిచేదీ, స్తంభాలు వంచేదీ ఎక్కువగా ఈ దిగుడు గాలే. అది ఏ ఊరి మీద దిగుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. మల్లవోలులో చెట్లు పడిన సాయంత్రం ముక్కొల్లులో ఆకు కూడా కదలకపోవచ్చు.

అమెరికా నడిబొడ్డున ఉన్న ప్రెయిరీ మైదానాల్లోనూ జరిగేది దాదాపు ఇదే. అక్కడ రాకీ పర్వతాల వైపు నుంచి పొడిగాలి, మెక్సికో సింధుశాఖ నుంచి తేమగాలి వచ్చి అడ్డు లేని గోధుమ నేలల మీద ఢీకొంటాయి. దానికి తోడు పై పొరల్లో వీచే బలమైన గాలులు మబ్బును గిరగిరా తిప్పుతాయి. అందుకే ఆ దేశంలో ఏటా వెయ్యికి పైగా టోర్నడోలు నమోదవుతాయి. 2011 మే 22న మిస్సోరి రాష్ట్రంలోని జోప్లిన్ పట్నంలో ఒక్క టోర్నడోకే 150 మందికి పైగా చనిపోయారు. డల్లాస్‌లోనూ ఓక్లహోమాలోనూ కాపురాలు పెట్టుకున్న మన పిల్లలకు వసంతం అంటే సైరను మోత కూడా. ఓక్లహోమా సిటీలో శనివారం మధ్యాహ్నం ఆ సైరన్లను మోగించి పరీక్షిస్తారు. మన వైపు పై గాలుల్లో అంత మెలి ఉండదు కనుక టోర్నడోలు అరుదు. మనకు తూర్పున బంగ్లాదేశ్‌లో మాత్రం 1989 ఏప్రిల్ 26న ఒక టోర్నడో సుమారు 1,300 మందిని పొట్టన పెట్టుకుంది. అమెరికా ప్రెయిరీ కుటుంబానికి చెప్పే మాట ఒకటే: నేలమాళిగ ఉంటే అందులోకి దిగు, లేకపోతే కిటికీలు లేని లోపలి గదిలోకి పో. మన డెల్టాలో కొద్ది అడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి. ఇక్కడ నేలమాళిగ మాటే లేదు. మనం నేర్చుకున్నది కిందికి దిగడం కాదు, పైకెక్కడం.

అలా పైకెక్కడం నేర్పింది 1977. ఆ తర్వాత స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వం తీరం పొడవునా తుఫాను షెల్టర్లు కట్టాయి. ఇసుక నేలల్లో సరుగుడు తోటలు వేశారు. 1996 నవంబరులో కోనసీమను ముంచిన తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో మరికొన్ని పనులు, 2011 తర్వాత జాతీయ తుఫాను నివారణ పథకం కింద ఇంకొన్ని షెల్టర్లు, రోడ్లు, వంతెనలు వచ్చాయి. బందరులో డాప్లర్ రాడార్ 2004లో వచ్చింది. ఈ చదువుకు వేసవిలోనూ పరీక్షలు జరిగాయి. 1979 మే 12న ఒక తుఫాను ఒంగోలుకు దక్షిణాన తీరం దాటింది. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర, బందరుకు నైరుతిగా పడిన తుఫాను గాలి బలంలో 1977 నాటిదానికి ఏమాత్రం తీసిపోదు. సముద్రం కూడా లేచి వచ్చింది. అయినా చనిపోయినవాళ్ళు 967 మంది. అది చిన్న సంఖ్య అని నేననను, దాని వెనక 967 ఇళ్ళున్నాయి. కాని పదమూడేళ్ళ కిందటి లెక్క పక్కన పెట్టి చూస్తే, ముందుగా ఊళ్ళు ఖాళీ చేయించడం ఎన్ని వేల ప్రాణాలు నిలిపిందో తెలుస్తుంది. 2010 మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర, 2022 మే 11న అసని బందరుకూ నరసాపురానికీ నడుమ తీరం చేరాయి. అసని తీరం దాటే వేళకు తీవ్ర వాయుగుండంగా బలహీనపడింది. తుఫాను వస్తోందని జనానికి రోజుల ముందే తెలుసు.

ఈ వ్యవస్థ మనకు గర్వకారణమే, సందేహం లేదు. అయితే దాని నడకంతా రోజుల లెక్కన సాగుతుంది. అల్పపీడనం, వాయుగుండం, తుఫాను అంటూ మెట్టుమెట్టుగా హెచ్చరిక పెరుగుతుంది. కలెక్టరేటులో కంట్రోల్ రూము తెరుస్తారు, బడులకు సెలవిస్తారు. వేసవి గాలివాన మధ్యాహ్నం మూడింటికి మబ్బుగా పుట్టి ఐదింటికి పని ముగించుకుని పోతుంది. దానికి పేరు ఉండదు, సమీక్షా సమావేశం ఉండదు. ఉప్పెనకు ఊరు మొత్తం కదలాలి, ఎత్తుకు పోవాలి. గాలివానకు ఎవరికి వారు ఉన్నచోటి నుంచి క్షణాల్లో గోడల మధ్యకు చేరాలి, ఎత్తుకు పోవడం అన్నిటికంటే ప్రమాదం. చేలో ఉన్న కూలీకి ఊరి షెల్టరు రెండు కిలోమీటర్ల దూరాన ఉంటే లేనట్టే.

పిడుగు సంగతి చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో కళ్ళకు కడుతుంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. ఆ ఏడాది ప్రకృతి విపత్తుల మరణాల్లో మూడో వంతుకు పైగా ఇవే. మన రాష్ట్రంలో 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. అంతకు ముందు ఏడాది మే నెల మొత్తానికీ లెక్క సుమారు 30,000. ఈ మరణాలు ఒక్కొక్కటిగా జరుగుతాయి. ఒక గట్టు మీద గేదెలు కాసే ముసలాయన, మరో ఊళ్ళో మోటారు కట్టేయడానికి వెళ్ళిన కుర్రాడు, ఇంకోచోట చెట్టు కిందికి చేరిన కూలీ ఆడవాళ్ళు. జిల్లా పేజీలో నాలుగు వాక్యాలు, మర్నాటికి మరుపు.

అమెరికాలో 1943లో పిడుగులకు 432 మంది చనిపోయారు. ఇప్పుడు ఆ సంఖ్య ఏటా ఇరవైకి అటూ ఇటూ. ఆ తగ్గుదలకు హెచ్చరికలు ఒక కారణమే కాని, ఒక్కటే కాదు. ఆరుబయట సేద్యం చేసే మనుషులు తగ్గారు. ట్రాక్టర్లకు మూసిన క్యాబిన్లు వచ్చాయి. ఇళ్ళకు కరెంటు తీగలు, లోహపు నీటి గొట్టాలు అమరి, పిడుగు వాటి వెంట నేలలోకి దిగిపోయే దారి ఏర్పడింది. మన డెల్టాలో నాట్లూ కలుపులూ గేదెల మేపూ అన్నీ ఆరుబయటే. చేల దగ్గర ఉండే నీడ తాటాకు పాక, లేదా మూడు వైపులా తెరిచిన రేకుల పంచ. అవి వాన నుంచి కాపాడతాయేమో గాని పిడుగు నుంచి కాపాడవు. చెట్టు కింద నిలబడితే చెట్టు మీద పడిన పిడుగు పక్కకు దూకుతుంది, వేళ్ళ వెంట నేలలో పారుతుంది. సెల్‌ఫోను పిడుగును పిలుస్తుందన్న నమ్మకం మాత్రం నిజం కాదు. ఆ భయంతో ఫోను ఆపేస్తే వచ్చే హెచ్చరిక కూడా ఆగిపోతుంది. ఉరిమినప్పుడు అర్జునా ఫల్గుణా అని పిల్లల చేత అనిపించడం మన ఇళ్ళలో తరతరాల అలవాటు. పిల్లల భయం పోగొట్టే మంచి అలవాటు, దానితో పాటు ఇంకొకటి నేర్పాలి. మెరుపు కనబడిన క్షణం నుంచి ఉరుము వినిపించే దాకా అంకెలు లెక్కపెట్టమనాలి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్ఫై లోపే ఉరిమితే ఆ మబ్బు మన మీద పడేంత దగ్గరలో ఉంది, వెంటనే డాబా ఇంట్లోకో మూసిన కారులోకో పోవాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకూడదు. వాన వెలిసిందని చేలోకి పోయేవాళ్ళనే ఆఖరి పిడుగు కాచుకుంటుంది.

తాటిచెట్ల గురించి ఒక మాట. 2016 మే నెలలో రెండు రోజుల్లోనే ఎనభై మందికి పైగా పిడుగులకు బలయ్యాక బంగ్లాదేశ్ ఊరూరా లక్షల తాటి టెంకలు నాటించింది. ఒడిశా కూడా అదే దారి పట్టింది. తాడి ఎదగడానికి పదేళ్ళకు పైనే పడుతుంది కనుక ఆ పని ఫలితం ఇప్పట్లో తేలదు. మన చేల గట్ల మీద తాతల నాటి తాళ్ళు నిలిచే ఉన్నాయి. చెరువు తవ్వకాలకూ రోడ్లకూ వాటిని కొట్టే ముందు ఆలోచించాలి. అలాగని వాటి మొదట్లో నిలబడమని కాదు. పిడుగు ఎక్కడో ఒకచోట పడక తప్పదంటే ఎవరూ లేని గట్టు మీది తాటి మీద పడటం మేలు, అంతే.

ప్రాణాల తర్వాత ధాన్యం. కాలవ కింద దాళ్వాకు నీళ్ళిచ్చిన ఏడాది ఏప్రిల్‌లో కోతలు పడతాయి. పాత పద్ధతిలో వరి కోసి, పనలు ఆరాక కట్టలు కట్టి కుప్ప వేసేవాళ్ళు. వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి పెట్టి కట్టిన కుప్ప ఓ మోస్తరు గాలివానను తట్టుకునేది. రైతు తీరిక చూసుకుని నూర్చేవాడు. ఇప్పుడు కోత మిషను పొద్దున దిగి సాయంత్రానికి పది ఎకరాల ధాన్యం గుట్ట పోసి పోతుంది. అందులో తేమ ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో 17 శాతానికి మించితే తీసుకోరు. అందుకని అందరూ ఒకే వారంలో రోడ్డు మీద, బడి ఆవరణలో, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ ఆరబోస్తారు. ఆ సమయానికే గాలి దుమారం లేస్తుంది. బరకాలు కప్పే లోపే సగం తడుస్తుంది, కప్పిన బరకం గాలికి లేచిపోతుంది. రెండు రోజులు ముసురు పట్టిందా, గింజ మొలకెత్తుతుంది. కూలీల కొరత తీర్చిన మిషనే రైతును ఆకాశం దయకు వదిలేసింది. మిషను వద్దనడం అన్యాయం, అది లేకపోతే కోతే లేదు. ఊరికి ఒక పెద్ద కప్పు వేసిన ఆరబోత గచ్చు, రెండు ఊళ్ళకు ఒక డ్రయ్యరు ఉంటే ఈ నష్టంలో పెద్ద భాగం తప్పుతుంది. తుఫాను షెల్టర్ల మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఇక్కడ పెట్టడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో నాకు అర్థం కాదు.

రొయ్యల చెరువుల దెబ్బ వేరే రకం. కృత్తివెన్ను, బంటుమిల్లి, నాగాయలంక వైపు వేసవి వెనామీకి ముఖ్యమైన కాలం. గాలికి తీగ తెగి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. పైన పడిన మంచి వాన నీరు కింది ఉప్పు నీటితో కలవకుండా పొరలా తేలి, ఆక్సిజన్ అడుగుకు దిగనివ్వదు. మబ్బు వల్ల నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ తక్కువ వదులుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు రొయ్య నీటి మీద తేలడం మొదలైతే ఇక చేతిలో ఉన్న సమయం గంటల్లో కాదు, నిమిషాల్లోనే. అందుకే డీజిల్ జనరేటరు లేని రైతుకు ఉరుము వింటే నిద్ర ఉండదు. పెద్ద రైతు జనరేటరు పెట్టుకుంటాడు, సున్నం బస్తాలు దగ్గర ఉంచుకుంటాడు. రెండెకరాలు కౌలుకు తీసుకున్నవాడు పక్కవాడి చెరువు వైపు చూస్తాడు.

చేతిపనుల వాళ్ళకు ఇంకోటి. కప్పలదొడ్డి, పెడన వైపు గుంట మగ్గాలే ఎక్కువ. ఒక జడివానకు గుంటలోకి నీరు చేరితే ఆరిందాకా నేత బంద్. పెడన కలంకారీకి ఎండే పనిముట్టు. ఆరుబయట పరిచిన బట్టల మీద ఒక్క చినుకు చాలు, రంగు చెదరడానికి. బట్టీకి పోని పచ్చి ఇటుక వానకు మళ్ళీ మట్టే. నూజివీడు మామిడి తోటల్లో ఒక్క గాలికి రాలిన కాయను దిగుబడిగా లెక్క కట్టరు, రాలుగా తక్కువ ధరకు పోతుంది. సముద్రం మీద మాత్రం మనకు అనుకోని రక్షణ ఒకటి ఉంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మే తుఫాన్లు, వేసవి గాలులు వచ్చే రోజులు కూడా అవే కావడంతో, ఆ రోజుల్లో బందరు గిలకలదిండి బోట్లు ఒడ్డునే ఉంటాయి. తెడ్డు పడవల మీద తీరం వెంబడి పోయేవాళ్ళకు ఈ రక్షణ లేదు.

మరి హెచ్చరికలు లేవా అంటే, ఉన్నాయి. వాతావరణ శాఖ మూడు గంటల ముందస్తు సూచనలు జిల్లాలవారీగా ఇస్తుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ తెచ్చిన దామిని యాప్ మన చుట్టుపక్కల పడే పిడుగుల సంగతి చెబుతుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో పిడుగు సూచనలు పంపుతుంది. రాడార్ బందరులోనే ఉంది కాబట్టి గూడూరు మబ్బు దాని కళ్ళ ముందే పెరుగుతుంది. హెచ్చరిక తెగిపోయేది చివరి రెండు కిలోమీటర్ల దగ్గర. స్మార్ట్‌ఫోను ఇంట్లో కొడుకు దగ్గర ఉంటుంది, చేలో అమ్మ దగ్గర చిన్న ఫోను కూడా ఉండదు. ఉన్నా కొంగున ముడేసుకుని వంగి పనిచేసే మనిషికి మెసేజి చదివే తీరిక ఏది? ఓక్లహోమా సైరను చేసే పని మన ఊళ్ళో గుడి మైకు, మసీదు మైకు, చర్చి మైకు చేయగలవు. పంచాయతీ కార్యాలయంలో ఒకరికి ఆ బాధ్యత ఇచ్చి, మబ్బు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉండగానే పొలాల దాకా వినబడేలా పిలిస్తే చాలు. కూలీల ముఠా మేస్త్రీకి పని ఆపే హక్కు ఉండాలి, ఆపినందుకు ఆ పూట కూలి కోయకూడదు. ఇది లేకపోతే ఎన్ని హెచ్చరికలు వచ్చినా ఇంకొక్క మడి అయ్యాక పోదాం అనే మాటే నెగ్గుతుంది.

పరిహారం దగ్గరికి వస్తే లెక్కలన్నీ పెద్ద విపత్తు కొలతలతో ఉన్నాయి. పంటకు ఇన్‌పుట్ సబ్సిడీ రావాలంటే నష్టం 33 శాతం దాటాలి. గాలివాన చారలు చారలుగా పడుతుంది, ఒక రైతు పూర్తిగా పోతే పక్కవాడికి ఏమీ కాదు. ఫసల్ బీమా నిబంధనల్లో కోసి పొలంలో పరిచిన పంటకు 14 రోజుల దాకా అకాల వర్షం నుంచి రక్షణ ఉంది, కాని మిషను నూర్చి రోడ్డు మీద పోసిన ధాన్యం దాని కిందికి రావడం కష్టం. 15వ ఆర్థిక సంఘం కాలానికి పెట్టుకున్న జాతీయ విపత్తుల జాబితాలో తుఫాను ఉంది, వడగళ్ళు ఉన్నాయి, పిడుగు లేదు. రాష్ట్రం తన అధికారంతో చేర్చుకోవాల్సి వచ్చింది, పిడుగుకు చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షలు ఇస్తున్నారు. ఆ డబ్బు అవసరమే, కాని అది చావు తర్వాతి లెక్క.

అంతకంటే ముందు కావలసినది మండలానికో రిజిస్టరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వచ్చిన ప్రతి గాలివాననూ అందులో రాయాలి: ఏ తేదీ, ఏ వేళ, ఏ దిక్కు నుంచి వచ్చింది, ఏ ఊళ్ళో ఎన్ని స్తంభాలు పడ్డాయి, పిడుగు పడినచోట మనిషి ఏం చేస్తున్నాడు, దగ్గరలోని డాబా ఎంత దూరం, ఏ రోడ్డు మీద ఎంత ధాన్యం తడిసింది, ఏ ఫీడరుకు కరెంటు ఎన్ని గంటలకు తిరిగి వచ్చింది. లైన్‌మన్, రెవెన్యూ సిబ్బంది, రైతు సేవా కేంద్రం వాళ్ళు ఈ సమాచారం ఎలాగూ ముక్కలుముక్కలుగా సేకరిస్తున్నారు. ఒకచోట చేరిస్తే నాలుగైదు వేసవుల్లో గూడూరు మండలానికి తనదైన పటం తయారవుతుంది. ఆరబోత గచ్చు ముందు ఏ ఊళ్ళో వేయాలి, ఎర్తింగ్ ఉన్న చిన్న గది ఏ చేల నడుమ కట్టాలి, ఏ చెరువుల లైనుకు ముందు మరమ్మతు చేయాలి అన్నది ఆ పటం చూసి నిర్ణయించవచ్చు.